మిరప మిల్లులో మానవ హక్కులు

రెండు వేల సంవత్సరం దాటిన కొన్నేళ్లకు నేను బూర్గంపాడు దగ్గర ఒక మిరపకాయల మిల్లులో మానవ హక్కుల అధికారిగా పనిచేశాను. ఈ మాట చెబితే మా ఇంట్లోవాళ్లు ఇప్పటికీ నవ్వుతారు. నన్ను పెట్టుకున్నది మాత్రం ఉత్తరాలు టైపు కొట్టడానికే. ఖమ్మంలో మిషన్ స్కూల్లో చదివాను, డిగ్రీ చేశాను, కంప్యూటర్ నేర్చుకున్నాను, ఆ తర్వాత ఇంట్లో కూర్చున్నాను. బూర్గంపాడు దవాఖానాలో నర్సుగా ఉన్న మా మేనత్త, "ఇక్కడ కారం మిల్లుల ఇంగ్లీషు రాసే పిల్ల కావాల్నంట, జల్దీ రా" అని ఫోన్ చేసింది. చర్చిలో పాస్టరుగారితో ప్రార్థన చేయించుకుని బస్సెక్కాను.

మిల్లంటే ఒక పెద్ద రేకుల షెడ్డు. ఒక వైపు ఆడవాళ్లు వరసలుగా నేలమీద కూర్చుని మిరపకాయల ముచ్చికలు, అంటే తొడిమలు, తీసేవారు. ఇంకో వైపు కారం పట్టే యంత్రాలు. మూలన నాకో అద్దాల గది. అద్దాలు ఘాటును ఆపలేవని మొదటి రోజే తెలిసింది. వారం పాటు ముక్కు, కళ్లు కారుతూనే ఉన్నాయి. ముచ్చికలు తీసేవాళ్లు అద్దంలోంచి నన్ను చూసి, ఎవడో నన్ను ప్రేమించి మోసం చేశాడని తేల్చుకున్నారు. వాళ్లలో పెద్దది, అందరూ పెద్దక్క అని పిలిచే ఆమె, ఒక రోజు తలుపు తోసుకుని వచ్చి నా తల నిమిరింది.

"పోనియ్ బిడ్డా. గసోంటోనికోసం గింత ఏడ్వొద్దు."

మా సారు, అంటే మిల్లు యజమాని, సత్తుపల్లి వైపు నుంచి వచ్చినవాడు. పెద్ద గొంతు, పెద్ద పొట్ట, చిన్న ఓపిక. మనిషి చెడ్డవాడు కాదు. పండక్కి అందరికీ చీరలు పెట్టేవాడు, ఎవరికైనా బాగాలేకపోతే తన కారులోనే దవాఖానాకు పంపేవాడు. దాంతో పనివాళ్ల పట్ల తన బాధ్యత పూర్తయిందని గట్టిగా నమ్మేవాడు.

ఒక ఎండాకాలం మా దగ్గర కారం కొనే విదేశీ మసాలాల కంపెనీ నుంచి ఫ్యాక్సు వచ్చింది. కారంలో రంగు కలుపుతున్నారని అప్పట్లో దేశదేశాల్లో గోల నడుస్తోంది. సారుకు అదే భయం.

"రంగు గురించేనామ్మా?"

నేను మొత్తం చదివి చెప్పాను. "రంగు గురించి కాదు సార్. మనుషుల గురించి."

"ఏ మనుషులు?"

"మన మిల్లులో పనిచేసేవాళ్లు."

"వాళ్లకేమైంది?"

"ఏం కాలేదు సార్. ఏం కాకుండా మనం చూసుకుంటున్నామా అని అడుగుతున్నారు. తమకు సరుకు అమ్మేవాళ్లందరూ మానవ హక్కులు కాపాడాలట. అది పనివాళ్లకు తెలిసే భాషలో రాసి పెట్టాలట. దానికో అధికారి ఉండాలట. చూడటానికి ఒకరు వస్తారట."

సారు కుర్చీలో వెనక్కి వాలాడు. "కారం వాళ్లకి వెళ్తుంది. కాయలు నేను కొంటాను. మధ్యలో మనుషుల సంగతి వాళ్లకెందుకమ్మా?" కాసేపు ఫ్యాను వంక చూసి, "సరే, అధికారివి నువ్వే" అన్నాడు. నా నియామకం అలా జరిగింది.

భద్రాచలం నుంచి ఒక పెయింటర్‌ను పిలిపించాం. అతని దగ్గర ఎర్రరంగు మిగిలి ఉంది. గేటు పక్క గోడమీద నిలువెత్తు ఎర్రటి అక్షరాలతో "ఇచ్చట మానవ హక్కులు కాపాడబడును" అని రాసి, కింద ఒక మిరపకాయ బొమ్మ కూడా వేసి వెళ్లాడు. ఆ రోజుల్లో అడవి అంచు ఊళ్లలో గోడమీద ఎర్ర అక్షరాలు కనిపిస్తేనే మనుషులు నడక వేగం పెంచేవారు. అందులోనూ 'హక్కులు' అనే మాట. తెల్లారేసరికి స్టేషన్ నుంచి హెడ్ కానిస్టేబుల్ వచ్చాడు.

"హక్కుల సంఘం పెట్టిన్రంట గదా?"

సారు ముఖం తెల్లబడింది. "సంఘం కాదండీ. మిరపకాయల మిల్లండీ ఇది."

"మరి ఎర్రగ ఎందుకు రాసిన్రు?"

"మిరపకాయలు ఎర్రగానే ఉంటాయి కదండీ."

"ఎవల హక్కులు?"

"మానవులవండీ."

"ఏ మానవులు?"

సారు చల్లగా నా వైపు చెయ్యి చూపించాడు. "అధికారి ఆవిడేనండీ."

ఇది విదేశీ కంపెనీవాళ్లు చెప్పిన పని అని నేను వివరించబోయాను. అది ఇంకా చేటు తెచ్చింది. "అంటే విదేశాల నుంచి ఆదేశాలు వస్తున్నయా?" అన్నాడాయన, జేబులోంచి పెన్ను తీస్తూ. ఫ్యాక్సు చేతిలో పెట్టాను. దాన్ని కాసేపు అటూ ఇటూ తిప్పి చూశాడు. అంతలో యంత్రం ఆన్ చేశారు. ఆయనకు తుమ్ము వచ్చింది. దాని వెనక ఇంకొకటి. విచారణలో తర్వాతి ప్రశ్నలన్నీ తుమ్ముల్లోనే పోయాయి. టీ తాగి, కళ్లు తుడుచుకుని, పోతూ పోతూ ఒక సలహా ఇచ్చాడు. "హక్కులు తీసేసి సౌకర్యాలు అని రాయున్రి. ఏం లొల్లి ఉండది."

ఆయన వెళ్లాక నేను అదే బాగుందన్నాను. సారు ఒప్పుకోలేదు. "వద్దమ్మా. హక్కులంటే గోడమీద ఉంటాయి. సౌకర్యాలని రాస్తే రేపు పొద్దున్నే కుర్చీలడుగుతారు."

చివరికి గోడకు సున్నం కొట్టించి, అవే మాటలు పచ్చరంగుతో ఒక రేకుమీద రాయించి షెడ్డు లోపల వేలాడదీశాం. పెద్దక్కకు చదువు రాదు. ఏం రాశారో చెప్పమంది. చదివాను.

"కాపాడబడును అంటే? ఎవరు కాపాడుతరు?"

"ఎవరని రాయలేదు పెద్దక్కా."

"గందుకే ఎవ్వరు కాపాడుతలేరు" అంది, ముచ్చిక గిల్లుతూ.

ఫ్యాక్సులో మరుగుదొడ్ల గురించి కూడా ఉంది. అప్పటిదాకా ఆడవాళ్లంతా మిల్లు వెనక ఎండలో నడిచి ఒక సుబాబుల్ తోటలోకి వెళ్లేవారు. సారు పౌరుషానికి పోయి, షెడ్డు పక్కనే తెల్లటి టైల్సుతో, కుళాయితో, రంగు బకెట్లతో మరుగుదొడ్లు కట్టించాడు. తన ఇంట్లో కూడా అంత మంచివి లేవని అందరికీ చెప్పుకున్నాడు. కట్టడం పూర్తయిన రోజే మేనేజరు, అంటే సారు బామ్మర్ది, వాటికి ఒక పెద్ద తాళం వేసి చెవి మొలతాడుకు కట్టుకున్నాడు.

"చూసేటోళ్లు వచ్చేదాక ఎవ్వరు ముట్టొద్దు. ఖరాబయితయ్."

ఆడవాళ్లు మళ్లీ సుబాబుల్ తోటకే నడిచారు. ఇప్పుడు కొత్త మరుగుదొడ్ల పక్కనుంచి, టైల్సు మెరుపు చూసుకుంటూ నడిచారు. చాలామంది ఆ నడక తప్పించుకోవడానికి పొద్దంతా నీళ్లే తాగేవారు కాదు. ఆ ఘాటులో, ఆ ఎండలో. మూత్రంలో మంట, జ్వరం అంటూ తన దగ్గరికి వచ్చేవాళ్లలో మా మిల్లువాళ్లే ఎక్కువని మా మేనత్త చెప్పింది. సారుకు చెప్పాను. "కొత్తవి కదమ్మా. వాళ్లొచ్చి చూసి వెళ్లాక తీద్దాం" అన్నాడు.

వచ్చేది ఎవరో తెలిసింది. చెన్నై నుంచి ఒక మేడమ్. మేనేజరు రిహార్సలు పెట్టాడు. షెడ్డు మధ్యలో కుర్చీ వేసుకుని, నా హ్యాండ్‌బ్యాగు అడిగి తీసుకుని భుజానికి తగిలించుకుని, తనే మేడమ్ అయ్యాడు. గొంతు సన్నగా చేశాడు.

"మీకు ఇక్కడ ఏమైనా ఇబ్బందులు ఉన్నాయా?"

"ఉన్నయ్ మేడమ్" అంది పెద్దక్క చేతులు కట్టుకుని. "మా మేనేజరు మంచోడు గాదు."

షెడ్డంతా ఒకటే నవ్వు. మేనేజరు హ్యాండ్‌బ్యాగుతోనే లేచాడు. "గట్లనొద్దు! ఏం లేవు అనాలె!"

"ఏం లేవని నీకు ముందే ఎర్కనాయె. మల్ల అడుగుడెందుకు?"

మూతికి కట్టుకునే గుడ్డలు కూడా పంచాం. వాటిని ఒకరు జుట్టుకు కట్టుకున్నారు, ఒకరు చింతపండు మూట కట్టుకున్నారు. ఎందుకు మూతికి కట్టుకోరని అడిగితే, మూతికి కట్టుకుంటే ముచ్చట్లెట్లా అని నన్నే తిరిగి అడిగారు. దానికి ఫ్యాక్సులో జవాబు లేదు.

మేడమ్ ఖమ్మంలో రైలు దిగి, అక్కడినుంచి టాక్సీలో వచ్చింది. నలభై దాటిన మనిషి, చేతిలో గొడుగు, ముక్కుమీద కళ్లద్దాలు. తెలుగు ఒక్క ముక్క రాదు. సారు ఇంగ్లీషు "వెల్‌కమ్" దగ్గర మొదలై అక్కడే ఆగిపోయింది. మిగతాదంతా మర్యాదతో నింపాడు. కొబ్బరి బోండం తాగించాడు. మజ్జిగ తాగించాడు. టీ తాగించాడు. షెడ్డులోకి వచ్చాక ఘాటుకు ఆమెకు దగ్గు తెర పట్టుకుంది. ఆడవాళ్లు పోటీలుపడి చెంబులతో నీళ్లందించారు. అవీ తాగింది. యంత్రాలు చూసింది, ఆడవాళ్ల చేతులు తిప్పి చూసింది, పచ్చ బోర్డు చూసి అర్థం అడిగింది. అంతా సవ్యంగా సాగుతోంది. అప్పుడు ఆమె నా చెవి దగ్గర వంగి మరుగుదొడ్డి ఎక్కడని మెల్లగా అడిగింది.

నాకు సంతోషం పట్టలేదు. మా మిల్లులో గర్వంగా చూపించదగ్గది అదొక్కటే. ముందు నడిచి తీసుకెళ్లాను. తాళం.

మేనేజరు లేడు. మేడమ్ భోజనానికి మంచి చేపలు తెస్తానని సారు కారు తీసుకుని, వంతెన దాటి భద్రాచలం పోయాడు. చెవి అతని మొలతాడుకే ఉంది. సెల్‌ఫోన్ చేశాను. అది మా ఆఫీసులోనే, ఛార్జింగుకు పెట్టిన చోట మోగింది. టాక్సీ డ్రైవరు తినడానికి ఊళ్లోకి వెళ్లాడు.

సారు పరుగెత్తుకొచ్చాడు. రాయి తీసుకుని తాళాన్ని కొట్టాడు. అది కదల్లేదు. "మంచి కంపెనీది, నేనే కొన్నాను" అన్నాడు, అంత కంగారులోనూ కొంచెం గర్వంగా. తర్వాత తూకపు రాయి తెప్పించి కొట్టాడు. తాళం అలాగే ఉంది కానీ గడియ వంకరపోయింది. ఇక చెవి వచ్చినా తెరుచుకునేది అనుమానమే. మేడమ్ గొడుగు మూసింది, తెరిచింది, మళ్లీ మూసింది. ఏ దేశం మనిషికైనా ఆ ముఖం చూస్తే సంగతి అర్థమవుతుంది.

పెద్దక్క చేతుల కారం కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. "ఏందట?"

చెప్పాను. ఆమె నవ్వలేదు. మేడమ్ మణికట్టు పట్టుకుంది. "గిట్ల రా బిడ్డా."

ఆ వెనకే ఇంకొందరు ఆడవాళ్లు లేచారు. సారు సంగతి గ్రహించి రెండడుగులు వెంట పరుగెత్తాడు. "అయ్యయ్యో, అక్కడికా? మేడమ్‌గారిని అక్కడికి తీసుకెళ్తారా?"

"మేం రోజు పోయేడిదే గద సారూ" అంది పెద్దక్క, వెనక్కి తిరగకుండానే.

ఎండలో అందరం ఊరేగింపుగా నడిచాం. తోటలో ఆడవాళ్లు గుండ్రంగా నిలబడి, వీపులు లోపలికి పెట్టి, కొంగులు పరిచి గోడ కట్టారు. ఆ వేళకే ఎవరో సైకిలుమీద గట్టు వెంబడి వచ్చాడు. "ఓ అయ్యా, ఎనకకు పో! మేడమ్ ఉన్నది!" అని అందరూ ఒక్కసారి అరిచేసరికి అతను సైకిలు తిప్పుకుని, దేని గురించో తెలియకుండానే, "తప్పైంది మేడమ్" అని వెళ్లిపోయాడు.

మేడమ్ బయటికి వచ్చేటప్పటికి చీర అంచు నిండా పల్లేరుకాయలు. ఆమెను ఒక చెట్టు నీడన కూర్చోబెట్టి ఆడవాళ్లు వాటిని ఏరడం మొదలుపెట్టారు. ముచ్చికలు గిల్లే చేతులకు అదెంత పని. ఆమె వాళ్ల వంక చూస్తూ, రోజూ ఇక్కడికేనా వస్తారు అని అడిగింది. నేను తెలుగులో చెప్పాను. రిహార్సలు జవాబులు ఎవరికీ గుర్తురాలేదు. అందరూ ఒకేసారి మాట్లాడారు.

అడవి లోపలి ఊరునుంచి వచ్చే ఒకామె మాత్రం ఊరికే కూర్చుంది. కోయ మాట తప్ప తెలుగు అంతగా రాదు. మేడమ్ ఆమెను ప్రత్యేకంగా అడిగింది. ఆమె తన భాషలో చెప్పింది. పెద్దక్కకు ఆ మాట వచ్చు. ఆమె నాకు తెలుగులో చెప్పింది. "పొద్దున ఇంటికాడ తాగిన నీళ్లే. మల్ల ఇంటికి పోయినంకనే తాగుతదంట." నేను ఇంగ్లీషులో చెప్పాను. ఇన్ని మాటల మీదుగా వచ్చేసరికి అది చాలా చిన్న వాక్యమైపోయింది. మేడమ్ ఇందాక తను తాగిన చెంబుల సంగతి తలుచుకునే ఉంటుంది.

తర్వాత యజమాని ఎలాంటివాడని అడిగింది. ఆడవాళ్లు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. పెద్దక్కే చెప్పింది. "చెడ్డోడు గాదు. చెప్తే ఇంటడు. కని చెప్పనియ్యడు."

మేం తిరిగి వచ్చేసరికి మరుగుదొడ్డి తలుపు బార్లా తెరిచి ఉంది. సారు చొక్కా చెమటతో తడిసి, ఊడిన గడియ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. "ఓపెన్ మేడమ్! ఓపెన్!" అన్నాడు. ఆమె ఎంతో మర్యాదగా థాంక్యూ చెప్పి ముందుకు నడిచింది. పక్కనే మేనేజరు ఒక చేతిలో చేపల సంచి, ఒక చేతిలో తాళంచెవితో బిక్కముఖం వేసుకుని ఉన్నాడు.

చేపల పులుసు బాగుందని మేడమ్ రెండోసారి వేయించుకుంది. భోజనమయ్యాక మాట్లాడటానికి కూర్చున్నాం. సారుకు ఉండబట్టలేదు. "టైల్సు చూశారా అని అడుగమ్మా."

అడిగాను. చాలా బాగున్నాయంది మేడమ్. "వాటిని నేను చూడటానికి కట్టారా, వాళ్లు వాడటానికి కట్టారా?"

సారు ఆలోచించాడు. అబద్ధం చెప్పడానికి కూడా కొంత సామర్థ్యం కావాలి, ఆయనకు ఆ పూట అది మిగల్లేదు. "మీరు చూడటానికేనండీ" అన్నాడు. నేను అనువదించాలా వద్దా అని తటపటాయించి, చివరికి చెప్పేశాను. పొద్దుటినుంచి మొదటిసారిగా మేడమ్ నవ్వింది. పడీపడీ నవ్వింది. ఎందుకో తెలియకుండానే సారు కూడా నవ్వాడు.

నవ్వాక ఆమె చెప్పవలసినవన్నీ చెప్పింది. కారం కొనడం ఆపమని తను రాయదట. ఆపితే ముందు పోయేది ఆడవాళ్ల పనేనట. కానీ వానలు పడేలోపు మళ్లీ వస్తుందట. తాళాలు ఉండకూడదు. ఘాటు బయటికి లాగే పెద్ద ఫ్యాన్లు పెట్టాలి. నీళ్లు కూర్చున్న చోటికి అందాలి. ఆడవాళ్లు తమలోంచి కొందరిని తామే ఎన్నుకుంటారు, సారు నెలనెలా వాళ్లతో కూర్చోవాలి. వాళ్లకు ఏం చెప్పాలో ఎవరూ నేర్పకూడదు. ఈ చివరి మాటకు మేనేజరు చేపల సంచి మడత పెట్టుకోవడంలో మునిగిపోయాడు.

ఆమె వెళ్లాక సారు నాతో మాట్లాడటం మానేశాడు. తర్వాత ఒక మధ్యాహ్నం ఎవరికీ చెప్పకుండా, ఒక్కడే, మిల్లు వెనక దారి పట్టడం అద్దంలోంచి చూశాను. చాలాసేపటికి వచ్చాడు. పంచె నిండా పల్లేరుకాయలు. నా గదిలో కుర్చీలో కూలబడి ఒక్కొక్కటీ పీకి బల్లమీద పెట్టాడు.

"అక్కడ ఎండ బాగా ఉందమ్మా" అన్నాడు.

మర్నాడే మేస్త్రీ వచ్చాడు. మరుగుదొడ్లు ఇంకో వరస కట్టారు. గోడకు రంధ్రాలు కొట్టి ఫ్యాన్లు బిగించారు. అవి లాగిన ఘాటంతా రోడ్డుమీదికి పోయి, కొన్నాళ్లపాటు ఆ దారిన పోయే సర్వీసు ఆటోలవాళ్లు తుమ్ముతూ మమ్మల్ని తిట్టారు. దాంతో ఫ్యాన్లకు గొట్టాలు పెట్టి పైకెత్తించాల్సి వచ్చింది. మేడమ్ చెప్పినట్టే మళ్లీ వచ్చింది, అన్నీ చూసింది, జరిగినవాటికి తృప్తిపడింది, కొత్తగా ఇంకొన్ని చెప్పింది. కారం కొనడం ఆగలేదు. నాకు ఖమ్మంలో బడిలో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయేదాకా ఆ ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి.

ఆడవాళ్ల కమిటీతో సారు మొదటి సమావేశం మాత్రం నేను మరవలేను. పెద్దక్క, కోయ ఆమె, ఇంకో ఇద్దరు ఎన్నికయ్యారు. కూలి పెంచమంటారని సారు ముందే జవాబులన్నీ సిద్ధం చేసుకుని కూర్చున్నాడు. పెద్దక్క గొంతు సవరించుకుంది.

"మమ్ముల ఏయ్, ఓయ్ అనొద్దు సారూ. పేరు పెట్టి పిలువాలె."

సారు తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. "ఓస్, ఇంతేనా?"

కష్టం తర్వాత తెలిసింది. భద్రాచలం చుట్టుపక్కల ఊళ్లాయె, మిల్లులో సగంమందిది ఒకటే పేరు. సారు షెడ్డు గుమ్మంలో నిలబడి పెద్ద గొంతుతో ఆ పేరు పిలిస్తే అన్ని వరసల్లోంచీ తలలు లేచేవి, అందరూ 'అవ్ సారూ' అనేవారు. ఊరి పేరు కలిపి పిలిచి చూశాడు. ఒక్కో ఊరినుంచి ముగ్గురేసి ఉన్నారు. అత్తగారి పేరు కలిపాడు. అత్తలవీ అవే పేర్లు.

కోయ ఆమె పేరు వేరు. అది సారు నోటికి పట్టలేదు. ఒక రోజు ఆమెను పిలిచాడు. ఆమె దగ్గరికి వచ్చి నిలబడి తల అడ్డంగా ఊపింది. మళ్లీ అన్నాడు. మళ్లీ ఊపింది. ముచ్చికలు తీసే చేతులన్నీ ఆగిపోయాయి. ఆమె తన పేరు తనే మెల్లగా, విడగొట్టి పలికింది. సారు ఆమె నోరు చూస్తూ అలాగే పలికాడు. ఆమె "అవ్" అంది. ఇంతకీ ఎందుకు పిలిచాడో ఆయనకు ఆ పాటికి గుర్తు లేదు.

ఆమె మాత్రం కదల్లేదు. తనకొచ్చిన కాస్త తెలుగులో అడిగింది.

"నీ పేరేంది సారూ?"

అప్పుడు తట్టింది, ఆ షెడ్డులో ఆయన పేరు ఎవరికీ తెలియదు. సారు బళ్లో హాజరు చెప్పినట్టు తన పేరు చెప్పాడు. ఆ గొంతు అంత చిన్నగా పలకడం నేను ఎప్పుడూ వినలేదు. ఆడవాళ్లు ఆ పేరు ఒకసారి తమలో తాము అనుకున్నారు. వెనక వరసలో ఒకామె చప్పున కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అయ్యో, నేను పిలువలేను సారూ! మా ఇంటాయనది గదే పేరు!"